ట్యాబ్ ఇంటికా, నాన్నగారికా?

ప్రశ్న:
నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. పెళ్లయ్యాక నేను బరంపురంలో ఉంటున్నాను. అన్నయ్యకి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తమ్ముడు ఊళ్లోనే కిరాణా కొట్టు చూసుకుంటూ అమ్మానాన్నల దగ్గరే ఉంటాడు. ఈ దసరాకి అందరం ఇంట్లో కలుస్తున్నాం. ఎప్పుడూ చీరలూ ప్యాంటు గుడ్డలేనా, ఈసారి ఇంటందరికీ పనికొచ్చేలా ఒక ట్యాబ్ కొందామని నేనే మొదలుపెట్టాను.

నాన్న రిటైర్డ్ టీచరు. వయసు 72, రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. తెలుగు పేపరు చూడనిదే ఆయనకి పొద్దు గడవదు. మా వీధిలో పేపరు వేసే కుర్రాడు మానేశాక బస్టాండు దాకా నడిచి తెచ్చుకుంటున్నారు. పాత తెలుగు పుస్తకాలు ఫోన్‌లో చదవబోయి విసుక్కుంటున్నారు. అమ్మకేమో మా మొహాలు కాస్త పెద్దగా కనబడాలి. మేనల్లుడు ఎనిమిదో తరగతి, మేనకోడలు ఐదు. ఇద్దరిదీ ఒడియా మీడియమే. పాతపట్నంలో మా పిన్ని మనవడికి అప్పట్లో బళ్లో ట్యాబ్ ఇచ్చారు. అది చూసినప్పటినుంచీ మావాడిది ఒకటే గొడవ. ఇంట్లో వైఫై లేదు, తమ్ముడి ఫోన్ హాట్‌స్పాటే దిక్కు. కొంటే ఐప్యాడే కొనాలని అన్నయ్య అంటాడు. ఏది కొన్నా పిల్లల చదువు పాడవుతుందని తమ్ముడు అంటాడు. నా దగ్గర 20 వేలున్నాయి, అన్నయ్య కొంత వేస్తానన్నాడు. కొనమంటారా, వద్దంటారా?
ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం:
నాన్నగారి కోసమైతే కొనండి. ఇంటందరి కోసమైతే మాత్రం మానుకోండి.

మీ ఉత్తరం చూస్తే నాన్నగారి పేపరు, అమ్మగారి వీడియో కాల్, మేనల్లుడి చదువు, మేనకోడలి సరదా, అన్నీ ఒక్క ట్యాబ్ మీదే పెట్టుకున్నారు. టీవీ అయితే అందరూ ఎదురుగా కూర్చుని చూస్తారు. ట్యాబ్ అలా కాదు, ఒకరి ఒళ్లో ఉంటే రెండోవాళ్లకి అందదు. ఇది ఎవరిదో తేల్చకుండా ఇంట్లో పెడితే, ఓపిక ఎక్కువ ఉన్నవాళ్లదే అవుతుంది. ఏ ఇంట్లో అయినా ఓపిక ఎక్కువ ఉండేది పిల్లలకే. దీపావళి నాటికి అది మీ మేనల్లుడి గేముల పెట్టె అయిపోతుంది. తమ్ముడు కోప్పడి లాక్కుంటే బీరువా మీదకెక్కుతుంది, అక్కడే చార్జింగ్ అయిపోయి పడుంటుంది. అందుకని ఇచ్చేటప్పుడే, నలుగురి ముందూ, "నాన్నా, ఇది నీది" అని ఆయన చేతికివ్వండి. మిగతావాళ్లు ఆయన్ని అడిగి తీసుకోవాలి. ఈ ఒక్క మాట అనడానికి మీకు మొహమాటమైతే డబ్బు దాచుకోండి.

నాన్నగారే ఎందుకంటే, మీరు చెప్పినవాటిలో ఫోన్‌తో నిజంగా జరగని పని ఆయనదొక్కటే. అమ్మగారు ఫోన్‌లోనే మాట్లాడుతున్నారు, పిల్లలకి పుస్తకాలూ బడీ ఉన్నాయి. నాన్నగారి విసుగుకి మాత్రం గట్టి కారణం ఉంది. వాట్సాప్ మెసేజీనో మామూలు వార్తనో ఫోన్‌లో చదివేటప్పుడు అక్షరం పెద్దది చేస్తే, వాక్యం దానంతటదే విరిగి కింది వరసలోకి సర్దుకుంటుంది. పాత పుస్తకాలు అలా కాదు. అవి పేజీని ఫొటో తీసి పెట్టినవి. పసుపురంగు తిరిగిన కాగితం, సన్నటి అచ్చు. రెండు వేళ్లతో సాగదీస్తే బొమ్మ పెద్దదవుతుంది కానీ వరస స్క్రీన్ దాటి బయటికి పోతుంది. సగం వాక్యం చదివి, పేజీని ఎడమకి జరిపి, మిగతా సగం చదివి, మళ్లీ కుడికి తెచ్చుకునేసరికి ఏ వరసలో ఉన్నామో తెలియదు. ఈ-పేపర్‌దీ ఇదే తంతు. అంత పెద్ద పేపరు పేజీని అరచేతిలో ఇరికిస్తే హెడ్డింగులు తప్ప ఏమీ కనబడవు. పది, పదకొండు అంగుళాల ట్యాబ్‌లో పుస్తకం పేజీ దాదాపు అసలు సైజులోనే నిలబడుతుంది. పేపరు కూడా ఒకసారి పెద్దది చేసుకుంటే ఒక కాలమ్ హాయిగా కిందికి చదువుకుంటూ పోవచ్చు.

పైగా మీది గిడుగు రామమూర్తిగారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊరు. ఆయన సవర భాష నేర్చుకున్నది అక్కడే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరాక రాజమండ్రికి తరలిపోయారు. ఆయన కాలం నాటి తెలుగు పుస్తకాలు, ఇప్పుడు ఏ షాపులోనూ దొరకనివి, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసినవి, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. రిటైరైన తెలుగు మనిషికి, అదీ ఒడిశాలో ఉన్నాయనకి, ఇంతకంటే పెద్ద గ్రంథాలయం మీరు కొనివ్వలేరు. మీరు దసరాకి వెళ్లినప్పుడు ఒక పది పుస్తకాలు ముందే దింపి పెట్టండి. దింపుకున్నవి చదవడానికి నెట్ కూడా అక్కర్లేదు. వెతుక్కోవడం ఆయనకి తర్వాత అలవాటవుతుంది. కీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టేస్తే, పేరు పలికితే చాలు.

కానీ పేపరు ఇంట్లోనే కనిపిస్తోంది కదా అని ఆ బస్టాండు నడక మాన్పించకండి. మీకది కష్టంలా కనిపిస్తోంది. 72 ఏళ్ల మనిషి పొద్దున్నే చెప్పులేసుకుని బయటికి వెళ్లి, నలుగురితో రెండు మాటలాడి, బహుశా ఇంట్లో తెలియకుండా ఒక టీ కూడా తాగి వస్తున్నారేమో. ట్యాబ్ మధ్యాహ్నానికి ఉంచండి.

కొనే ముందు చెయ్యాల్సిన పనులు రెండున్నాయి, రెండూ చవకే. మొదటిది కళ్లద్దాలు. శుక్లాల ఆపరేషన్‌లో మామూలుగా వేసే లెన్సుతో దూరం బాగా కనబడుతుంది, దగ్గర చదవడానికి మాత్రం అద్దాలు కావాల్సిందే. ఆపరేషన్ అయ్యాక ఎప్పుడో రాసిన పవర్‌తోనే నెట్టుకొస్తున్నారేమో ఒకసారి డాక్టర్‌కి చూపించండి. అద్దాలు సరిపోనప్పుడు పదకొండు అంగుళాలైనా ఒకటే, పన్నెండైనా ఒకటే. రెండోది, పాతపట్నం పిన్నిగారి మనవడి ట్యాబ్. అది పనిచేస్తుంటే ఒక రెండు రోజులు అడిగి తెప్పించండి. అది చిన్న సైజే, అయినా ఫోన్ కంటే నయం. అందులో ఒక పుస్తకం తెరిచి నాన్నగారికిచ్చి ఊరుకోండి. మీరు పక్కన కూర్చుని "చదవండి చదవండి" అనకండి. రెండో రోజు ఆయనే అడిగి తీసుకుంటే కొనండి. టీపాయ్ మీద పెట్టి మర్చిపోతే ఆ 20 వేలకి వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను.

ఇక ఆ బడి ట్యాబ్ సంగతి. ఆంధ్రాలో 2022 డిసెంబరులోనూ, మళ్లీ 2023 డిసెంబరులోనూ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లిచ్చారు. సరిహద్దుకి ఇవతల ఉన్న మీ మేనల్లుడికి అందలేదు. తన ఈడువాడి చేతిలో ఉన్నది తనకి లేదన్న బాధ ఉంటుంది, అది నిజమే, ఎగతాళి చెయ్యకండి. అయితే అవి బడి పాఠాలు ముందే నింపి, వాటికోసమే ఇచ్చినవి. మీరు బజార్లో కొనేదాంట్లో పాఠాలుండవు, యూట్యూబ్ ఉంటుంది. చదువు పేరు చెప్పి కొంటే, తొలి పరీక్షలో మార్కులు తగ్గిన రోజు ఆ నేరం మీ కానుక మీద పడుతుంది. మీ తమ్ముడు ఇప్పటినుంచే అందుకు సిద్ధంగా ఉన్నట్టున్నారు.

పిల్లలు అసలు ముట్టుకోకూడదని నేననను. కేంద్రం వాళ్ల దీక్ష యాప్ ఉచితం, అందులో ఒడియా పాఠాలూ ఉన్నాయి, తెలుగువీ ఉన్నాయి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో చాలావాటిలో వేరే యూజర్ ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. తాతగారిది ఒకటి, పిల్లలది ఇంకొకటి. ఒకరి ఫొటోలూ యాప్‌లూ ఇంకొకరికి కనబడవు. కొన్ని కంపెనీలు ఈ సౌకర్యం తీసేస్తాయి, అందుకని షాపులోనే సెట్టింగ్స్ తెరిపించి చూడండి. పిల్లల ఖాతాకి గూగుల్ ఫ్యామిలీ లింక్ పెట్టి, దాని పగ్గాలు మీ తమ్ముడి ఫోన్‌లో ఉంచితే, రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఆగిపోవాలి, ఏ యాప్ వెయ్యచ్చు అన్నది కొట్లో కూర్చునే చూసుకోవచ్చు. తాతగారి ప్రొఫైల్‌కి ప్యాటర్న్ లాక్ పెట్టకండి. అది పిల్లలకి తాతయ్య కంటే బాగా తెలిసిపోతుంది. ఆయన వేలిముద్రో, ఆరంకెల పిన్నో పెట్టండి. ఆ పిన్ మీ పెళ్లిరోజూ పుట్టినరోజూ కాకుండా చూడండి.

ఇంకో మాట. మీ మేనల్లుడూ మేనకోడలూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్లో ఒడియా రాస్తారు. తాతగారు చదివే పేజీ పక్కన కూర్చున్నా వాళ్లకి అక్షరాలు తెలియవేమో. రోజూ వాళ్ల ట్యాబ్ టైము మొదలయ్యే ముందు తాతగారి పుస్తకంలోంచి నాలుగు వరసలు పైకి చదవాలని ఆయన షరతు పెడితే బాగుంటుంది. రిటైర్డ్ టీచరు కదా, ఈ ఐడియా ఆయనకి నచ్చకుండా ఉండదు. అక్షరాలు దిద్దించడానికి మాత్రం పలకే మేలు.

సిమ్మా, వైఫైయా అన్న విషయం మీరు అడగలేదు. నా లెక్కలో అన్నయ్యగారి ఐప్యాడ్ చర్చ కంటే ఇది ముఖ్యం. ఇంట్లో నెట్ అంతా తమ్ముడి ఫోన్‌లో ఉంది. ఆయన పొద్దున్నే కొట్టుకి వెళ్లగానే నెట్ కూడా ఆయన జేబులో కొట్టుకి వెళ్లిపోతుంది. వైఫై ఒక్కటే ఉన్న ట్యాబ్ కొంటే నాన్నగారు పేపరు కోసం రాత్రి దాకా కాచుకోవాలి. కాబట్టి సిమ్ పెట్టే వీలున్న మోడల్ తీసుకోండి, కొన్ని వేలు ఎక్కువైనా సరే. లేదంటే మీ వీధికి ఫైబర్ కనెక్షన్ వస్తుందేమో కనుక్కోండి. వస్తే అదే మంచిది, టీవీకీ పనికొస్తుంది, అప్పుడు వైఫై ట్యాబ్ చాలు. సిమ్ అయితే ఏ కంపెనీదన్నది ప్రకటనలు చూసి తేల్చకండి. నాన్నగారు కూర్చునే గదిలో, ఆయన కుర్చీ దగ్గరే, ఇంట్లో ఉన్న రెండు మూడు ఫోన్లూ పెట్టి చూడండి. సరిహద్దు ఊళ్లలో గది మారితే ఒడిశా టవర్ పోయి ఆంధ్రా టవర్ అందుకోవడం మామూలే. రోమింగ్ అని చూపించినా ఇప్పటి ప్లాన్లలో దానికి అదనంగా పడేదేమీ ఉండదు, నాన్నగారిని కంగారుపడొద్దనండి.

ఆ రీచార్జ్ ఎవరు చేస్తారు? ట్యాబ్ ఒకసారి కొంటారు, నెట్‌కి నెలనెలా కట్టాలి. ఈ సంగతి దసరా రోజే తేలకపోతే మూడో నెల నుంచి అది తమ్ముడి నెత్తిన పడుతుంది, ఆయన నోరు తెరిచి అడగలేరు. అన్నయ్య కొంత వేస్తానన్నారు కదా, ఆ డబ్బు ట్యాబ్‌లో కలపకండి. ఏడాది డేటా రీచార్జ్ ఆయన్నే చెయ్యమనండి.

ఐప్యాడ్ మంచి వస్తువే, సందేహం లేదు. 2025 మార్చిలో వచ్చిన మామూలు మోడల్, వైఫైది, విడుదలప్పుడు 34,900 రూపాయల నుంచి మొదలైంది. మొబైల్ నెట్ కూడా వచ్చే మోడల్ 49,900 నుంచి. మీ బడ్జెట్‌కి రెట్టింపు దాటింది. అదీకాక ఐప్యాడ్‌లో ఇంట్లో వాడుకోడానికి వేర్వేరు యూజర్ ప్రొఫైళ్లుండవు. తాతగారి పుస్తకాలూ పిల్లల గేములూ ఒకే చోట కలిసి ఉంటాయి. ఇంకో చిక్కుంది. కొనిచ్చినాయన తన ఖాతాతోనే తెరిచిస్తారు, ఆ తర్వాత ప్రతి పాస్‌వర్డ్‌కీ పర్లాకిమిడి నుంచి హైదరాబాద్‌కి ఫోన్ వెళుతుంది, సరిగ్గా ఆయన మీటింగ్‌లో ఉన్నప్పుడు. ఏ ట్యాబ్ అయినా సరే, నాన్నగారి పేరు మీదే ఈమెయిల్ తెరిచి, రికవరీకి ఆయన ఫోన్ నంబరే ఇవ్వండి.

మీ 20 వేలకి పదకొండు అంగుళాల మంచి ఆండ్రాయిడ్ ట్యాబ్ వస్తుంది, సిమ్ మోడల్‌కి ఇంకో రెండు మూడు వేలు పట్టచ్చు. ర్యామ్ 6 జీబీకి, స్టోరేజ్ 128 జీబీకి తగ్గకుండా చూసుకోండి. ఎన్నేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇస్తారో అడగండి. ఆరేడు వేలకి పేరు వినని కంపెనీలవి దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. 2011లో ఆకాశ్ ట్యాబ్లెట్ అని చవకగా వచ్చి ఎంత హడావుడి చేసిందో గుర్తుందా? 256 ఎంబీ ర్యామ్‌తో ఏ పనీ సాగక అంత పేరూ చప్పబడిపోయింది. స్టాండులా నిలబడే కవర్ తప్పకుండా కొనండి. అర కిలో బరువు చేత్తో పట్టుకుని పావుగంట చదవడం ఆ వయసులో కష్టం. చార్జర్ కొన్ని పెట్టెల్లో రావడం లేదు, అది కూడా చూసుకోండి. సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కంపెనీ సైట్‌లో పర్లాకిమిడి పిన్‌కోడ్ 761200 కొట్టి చూడండి. శ్రీకాకుళమో బరంపురమో చూపిస్తే ఫరవాలేదు, బరంపురంలో మీరున్నారు. ఆన్‌లైన్‌లో కొంటే పెట్టె విప్పుతూ వీడియో తీయండి. ఊళ్లో షాపులో వెయ్యి ఎక్కువైనా నేనైతే అక్కడే కొంటాను. గ్లాసు అంటించి, సిమ్ వేసి, పది రోజుల తర్వాత నాన్నగారు వెళ్లి "బాబూ, ఇదేదో ఆగిపోయింది" అంటే చూసిపెట్టే మనిషి ఉంటాడు.

అమ్మగారికి వాట్సాప్‌ని ఆవిడ ఫోన్ నుంచే ట్యాబ్‌కి లింక్ చెయ్యచ్చు, ఇంకో నంబరు అక్కర్లేదు. ఫోన్‌ని 14 రోజులకి పైగా ఆఫ్ చేసి ఉంచితే మాత్రం లింక్ తెగిపోతుంది. ఒకటి గమనించుకోండి, నాన్నగారి ప్రొఫైల్‌లో ఆవిడ వాట్సాప్ పెడితే ఆవిడ మెసేజీలన్నీ ఆయన చూస్తారు. ఆవిడకి అభ్యంతరం లేదేమో అడగండి. ఉంటే ఫోనే చాలు, దానికి ఒక చిన్న స్టాండు కొనివ్వండి.

ట్యాబ్‌లో బ్యాంకు యాప్‌గానీ, యూపీఐగానీ పెట్టొద్దు. పింఛను వచ్చే పెద్దవాళ్లని పోలీసులమని, సీబీఐ అని వీడియో కాల్‌లో బెదిరించి గంటల తరబడి కదలనివ్వకుండా డబ్బు లాగేస్తున్నారు, డిజిటల్ అరెస్ట్ అంటారు. అలాంటి అరెస్ట్ చట్టంలో ఎక్కడా లేదు. ప్రధాని కూడా 2024 అక్టోబరులో మన్ కీ బాత్‌లో దీని గురించి హెచ్చరించారు. యూనిఫాం పెద్ద స్క్రీన్ మీద ఇంకా నిజంలా కనబడుతుంది. అలాంటి కాల్ వస్తే కట్ చేసి మీకో తమ్ముడికో చెప్పమనండి. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి. ఆ నంబరు కాగితం మీద రాసి కవర్ లోపల అంటించండి.

రెండు రోజుల పరీక్షలో నాన్నగారికి ఆసక్తి లేదని తేలిందనుకోండి. అప్పుడు మీకు నిజంగా ఇంటందరికీ పనికొచ్చేదే కావాలంటే ఇన్వర్టరు కొనండి, బ్యాటరీతో కలిపి ఇంచుమించు ఇదే డబ్బు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ గజపతి జిల్లాని ఎలా ముంచిందో మీకు గుర్తుండే ఉంటుంది. అంత పెద్ద తుపానుకి ఇన్వర్టరు నిలబడదు కానీ, రోజూ పోయే కరెంటుకి మాత్రం ఫ్యానూ లైటూ ఆగవు. దాన్ని ఎవరూ లాక్కుని గదిలోకి పట్టుకుపోలేరు కూడా.

ఒక సంగతి చెప్పి ముగిస్తాను. మీ ఉత్తరంలో ఇంట్లో అందరూ ఉన్నారు, మీ మరదలు మాత్రం లేరు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఆవిడే అయితే, ట్యాబ్‌కి చార్జింగ్ పెట్టేదీ, పిల్లలిద్దరూ దానికోసం కొట్టుకుంటే విడదీసేదీ, మామగారికి పేజీ కనబడకపోతే గరిట పక్కన పెట్టి వచ్చి చూసేదీ ఆవిడే అవుతారు. అన్నయ్యతో ఐప్యాడ్ గురించి వాదించే ముందు ఆవిడకి ఫోన్ చెయ్యండి. తమ్ముడు ఇంట్లో లేనప్పుడు చేస్తే మనసులో మాట చెబుతారు. "కొందామనుకుంటున్నాం, నీకేమనిపిస్తోంది" అని అడగండి. ఆవిడ "ఎందుకొదినా" అంటే, ఇన్వర్టరు షాపుకి వెళ్లండి.